ఓడ ఎక్కేముందు ఏ పట్టా మంచిది? 17వ శతాబ్దపు ఇంగ్లీషు వలసల్లో భూమి ఒప్పందాల పోలిక

ఇంగ్లీషువాళ్ళ అమెరికా వలసల గురించి మన పాఠాల్లో సాధారణంగా ఒకే మాట ఉంటుంది: రాజు చార్టర్ (అధికార పత్రం) ఇచ్చాడు, కంపెనీ వెళ్ళింది, భూములు పంచారు. ఆ ఒక్క మాట కింద అయిదారు రకాల ఒప్పందాలు ఉన్నాయి. ఒకే ఊరి నుంచి బయల్దేరిన ఇద్దరిలో ఒకడు సొంత పొలంలో మనవళ్ళను ఎత్తుకున్నాడు, ఇంకొకడు పరాయి పొగాకు చేలో రెండేళ్ళు తిరక్కుండా చనిపోయాడు. అందులో జబ్బుల పాలూ ఉంది, ఏ కాగితం మీద సంతకం పెట్టి ఓడ ఎక్కాడన్న దాని పాలూ ఉంది. కాబట్టి ఈ పోలికను రాజుల వైపు నుంచి కాక, ఓడరేవులో నిలబడి ఎటు వెళ్ళాలో తేల్చుకోవాల్సిన మనిషి వైపు నుంచి చేస్తాను.

ముందే ఒక సలహా. ఎన్ని ఎకరాలిస్తారన్నది చూసి మోసపోవద్దు. ఎకరాలు అందరూ ఇస్తామన్నారు. అడగాల్సినవి వేరు. భూమి చివరికి ఎవరి పేరున ఉంటుంది? ఏటా పైవాడికి కట్టుబడి, అంటే భూమి మీద స్థిరమైన శిస్తు, చెల్లించాలా? నా ఓడ ఖర్చు ఇంకొకరు పెడితే, నా తల మీద వచ్చే భూమి నాకా, వాళ్ళకా? నాకు పట్టా ఇచ్చిన కంపెనీయో దొరో రేపు కూలిపోతే నా కాగితం నిలుస్తుందా? ఈ నాలుగింటికీ జవాబు దొరికాకే ఎకరాల లెక్క.

వర్జీనియా: తలకు 50 ఎకరాలు, ఎవరి తలకు?

1606 ఏప్రిల్‌లో మొదటి జేమ్స్ రాజు ఇచ్చిన చార్టర్‌తో వర్జీనియా కంపెనీ పుట్టింది. మరుసటి ఏడాది మే నెలలో జేమ్స్‌టౌన్ వెలిసింది. మొదటి పదేళ్ళూ అక్కడ ఎవరికీ సొంత భూమి లేదు. అందరూ కంపెనీ మనుషులే. పండినది కంపెనీ గోదాములోకి పోవాలి, తిండి అక్కడి నుంచి రావాలి. 1609-10 చలికాలపు కరువులో దాదాపు 500 మందిలో 60 మంది మిగిలారు. 1614 ప్రాంతంలో సర్ థామస్ డేల్ గడువు తీరినవాళ్ళకు తలా మూడెకరాలు విడిగా సాగు చేసుకోనిచ్చాక పరిస్థితి కొంత మెరుగుపడింది. అప్పటికే జాన్ రోల్ఫ్ అనే వలసదారుడు పొగాకు పండించి చూపించాడు. భూమి మీద జనానికి ఆశ పుట్టింది ఆ పొగాకుతోనే.

కంపెనీ దగ్గర డబ్బు లేదు. ఒక్కో వాటా 12 పౌండ్ల 10 షిల్లింగులకు అమ్మింది, లాటరీలు వేసింది, అయినా లాభం పంచలేకపోయింది. మిగిలింది భూమి ఒక్కటే. 1618లో గవర్నర్ జార్జ్ యార్డ్‌లీ చేతికిచ్చి పంపిన ఆదేశాల్లో దాన్నే పంచిపెట్టింది. 1616 కంటే ముందు వచ్చి నిలిచిన పాతకాపులకు 100 ఎకరాలు. ఆ తర్వాత సొంత ఖర్చుతో వచ్చినవాడికి 50 ఎకరాలు. ఇంకొకరి ఓడ ఖర్చు భరించి తెచ్చినవాడికి, తెచ్చిన ప్రతి తలకూ మరో 50. ఏటా 50 ఎకరాలకు ఒక షిల్లింగు కట్టుబడి.

ఇక్కడ ఆగి మళ్ళీ చదవండి. భూమి వచ్చినవాడికి కాదు, తెచ్చినవాడికి. ఓడకు చార్జీ ఆరు పౌండ్ల చుట్టుపక్కల ఉండేది. పేద కుర్రాడికి అది ఏళ్ళ తరబడి కూడబెట్టినా కుదరని సొమ్ము. తోట యజమాని ఆ ఆరు పౌండ్లు పెట్టి కుర్రాణ్ణి నాలుగు నుంచి ఏడేళ్ళ చాకిరీకి రాయించుకునేవాడు, వాడి తల మీద 50 ఎకరాలు తన పేర రాయించుకునేవాడు. గడువు తీరాక కుర్రాడికి దక్కేది ఆచారం ప్రకారం కొంత మొక్కజొన్న, బట్టలు. చట్టం వాడికి ఎకరం కూడా హామీ ఇవ్వలేదు. మోసాలు కూడా మామూలయ్యాయి. ఓడ కెప్టెన్లు తమ నావికుల పేర్లు చూపి భూమి అడిగారు. ఒకే మనిషిని ఇద్దరు ముగ్గురు తమ లెక్కలో రాసుకున్నారు. ఆఫ్రికా నుంచి బలవంతాన తెచ్చిన బానిసల తలల మీద కూడా యజమానులు భూమి పొందారు. నాకు ఈ వ్యవస్థలో అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే: ఒక మనిషి స్వేచ్ఛను లాక్కున్నందుకు ప్రభుత్వం బహుమతిగా పొలం ఇచ్చింది. 1630ల నాటి ఇలాంటి పట్టా జాబితాల్లో జార్జ్ మెనిఫీ అనే వర్జీనియా భూస్వామి కింద 'టోనీ, ఈస్ట్ ఇండియన్' అన్న పేరు ఒకటి కనిపిస్తుంది. అతను మన దేశంలో ఏ తీరం నుంచి వెళ్ళాడో ఆ కాగితంలో లేదు. అతని తల మీద వచ్చిన భూమి ఎవరి పేర పడిందో మాత్రం ఉంది.

నాలుగో ప్రశ్నకు వర్జీనియా ఇచ్చిన జవాబు మాత్రం మంచిదే. 1622 మార్చి 22న అక్కడి ఆదివాసుల పౌహటాన్ కూటమి నాయకుడు ఓపెచాన్‌కనో జరిపిన దాడిలో 347 మంది వలసదారులు చనిపోయారు. రెండేళ్ళకు, 1624లో, లండన్ కోర్టు కంపెనీ చార్టర్‌ను రద్దు చేసింది. వర్జీనియా నేరుగా రాజు కిందికి పోయింది. వాటాదార్లు మునిగారు గానీ అక్కడ పొలం ఉన్నవాళ్ళ పట్టాలు చెల్లాయి. తలకు 50 ఎకరాల పద్ధతి 1779 దాకా చట్టంలో ఉంది. ఓడ ఖర్చు సొంతంగా పెట్టుకోగలిగి, ఇద్దరు ముగ్గురిని వెంట తీసుకెళ్ళగలిగినవాడికి కాగితం వరకు ఇంతకు మించిన బేరం లేదు. ప్రాణం సంగతి వేరు. 1624-25లో తీసిన లెక్కల్లో వలసలో మిగిలినది దాదాపు 1,200 మంది. అప్పటికి వచ్చినవాళ్ళు అనేక వేలు.

కంపెనీ భూమిని వదలని చోట్లు

బెర్ముడాలోనూ, నికరాగువా తీరానికి ఎదురుగా ఉన్న ప్రావిడెన్స్ ద్వీపంలోనూ వలసదారుడు సగపాలు కౌలుదారు. బెర్ముడాను వాటాలుగా కోశారు, ఒక్కో వాటాకు 25 ఎకరాలు. వాటాదార్లు చాలామంది లండన్‌లోనే కూర్చున్నారు. ప్రావిడెన్స్ కంపెనీ పెట్టుబడిదార్లలో జాన్ పిమ్, వార్విక్ ప్రభువు లాంటి పెద్ద ప్యూరిటన్ (కఠిన నియమాల ప్రొటెస్టెంట్) నాయకులున్నారు. దైవభక్తి ఎంత ఉన్నా భూమిని మాత్రం చేయి దాటనివ్వలేదు. పొలం తనది కాదని తెలిసిన రైతు ఇల్లు గట్టిగా కట్టడు, చెట్టు నాటడు. 1641లో స్పెయిన్‌వాళ్ళు ఆ ద్వీపాన్ని పట్టుకున్నారు, అంతటితో అక్కడి ఇంగ్లీషు వలస కథ ముగిసింది. మీ ముందు ఎన్ని కాగితాలున్నా ఈ రకాన్ని పక్కన పెట్టండి.

ప్లిమత్: అప్పు తీర్చి కొనుక్కున్న భూమి

1620లో మేఫ్లవర్ ఓడలో 102 మంది వెళ్ళారు. వాళ్ళ వెనక లండన్ వర్తకులున్నారు. 10 పౌండ్లు ఒక వాటా. వెళ్ళేవాడి శరీర శ్రమకు ఒక వాటా. ఏడేళ్ళపాటు అంతా ఉమ్మడి, ఆ తర్వాత పంపకం. వారానికి రెండు రోజులైనా తమ కోసం పని చేసుకుంటామని వలసదారులు అడిగితే వర్తకులు ఒప్పుకోలేదు. 1623లో గవర్నర్ విలియం బ్రాడ్‌ఫర్డ్ కుటుంబానికింత అని మొక్కజొన్న చేలు విడగొట్టి ఇచ్చాడు. 1627లో వలసదారులు 1,800 పౌండ్లకు వర్తకుల వాటాలన్నీ కొనేసి, ఏటా 200 చొప్పున తీర్చడానికి ఒప్పుకున్నారు. అప్పుడు ఆడా మగా పిల్లలతో సహా తలకో వాటా వేసి, వాటాకు 20 ఎకరాలు పంచుకున్నారు.

ఎకరాలు వర్జీనియాలో సగం కూడా లేవు. కానీ భార్యకూ బిడ్డకూ లెక్క ఉంది. లోపం ఇంకోచోట ఉంది. ప్లిమత్‌కు రాజు చార్టర్ ఎన్నడూ దక్కలేదు. ఆ ప్రాంతపు భూమి మీద అధికారమున్న న్యూ ఇంగ్లండ్ కౌన్సిల్ అనే సంస్థ ఇచ్చిన పట్టాతోనే బండి లాగారు. చివరికి 1691లో వచ్చిన కొత్త చార్టర్ వాళ్ళను మసాచుసెట్స్‌లో కలిపేసింది.

మసాచుసెట్స్: ఊరు చేతికి భూమి

కుటుంబంతో వెళ్ళేవాడికి నేను మొదట చెప్పేది ఇదే. 1629 చార్టర్‌లో కంపెనీ సమావేశాలు ఎక్కడ జరగాలన్న షరతు లేదు. ఆ సందు చూసి ప్యూరిటన్ నాయకుడు జాన్ విన్‌త్రాప్ మనుషులు చార్టర్ కాగితాన్నే ఓడలో వేసుకుని 1630లో అట్లాంటిక్ దాటారు. దాంతో కంపెనీ, వలస ఒకటే అయ్యాయి. లాభం కోసం లండన్‌లో ఎదురుచూసే యజమాని లేకుండా పోయాడు. ఈ ఒక్క తేడా మిగతా అన్నిటినీ మార్చింది.

అక్కడ శాసనసభ మనిషికి కాక ఎక్కువగా ఊరికి భూమి ఇచ్చింది. కొన్ని కుటుంబాలు కలిసి అడిగితే కొన్ని మైళ్ళ నేల రాసిచ్చేది. దాన్ని ఎవరికెంత అన్నది ఊరి సభ తేల్చేది. 1636లో మొదలైన డెడమ్‌లో మొదటి పంపకంలో పెళ్ళైనవాడికి 12 ఎకరాలు, ఒంటరివాడికి 8. మిగతాది ఊరి ఉమ్మడి. మనుషులు పెరిగేకొద్దీ, పిల్లలు ఎదిగేకొద్దీ మళ్ళీ పంచారు. కట్టుబడి లేదు, పైన జమీందారు లేడు. పంపకం సమానమేమీ కాదు. హోదాను బట్టి, ఆస్తిని బట్టి కొందరికి ఎక్కువ ముట్టింది. అయినా 50 ఎకరాల అడవి ఒంటరిగా ఇచ్చి వదిలేయడం కన్నా, పక్కన ఇల్లు, చర్చి, చెరువు గట్టు ఉన్న 12 ఎకరాలు మనిషిని ఎక్కువ కాలం బతికిస్తాయి. దాని ధర మీ మనస్సాక్షి. 1631 నుంచి చర్చి సభ్యుడు కానివాడికి వలస ప్రభుత్వంలో ఓటు లేదు. ఊరికి నచ్చనివాణ్ణి రానిచ్చేవాళ్ళు కాదు.

ఇక్కడి పట్టాలకు కూడా ఒక గండం వచ్చింది. 1684లో చార్టర్ రద్దయింది. రెండేళ్ళ తర్వాత వచ్చిన గవర్నర్ ఎడ్మండ్ ఆండ్రోస్, ఊళ్ళు ఇచ్చిన పట్టాలు చెల్లవు, రాజు పేర మళ్ళీ తీసుకుని కట్టుబడి కట్టండి అన్నాడు. యాభై ఏళ్ళు దున్నుకున్న పొలానికి కొత్తగా అద్దె! 1689 ఏప్రిల్‌లో బోస్టన్ జనం ఆయన్ను బంధించారు. ఆ తిరుగుబాటుకు ఇంగ్లండులో రాజు మారాడన్న వార్త ఒక కారణం, పొలం పోతుందన్న భయం మరో కారణం.

దొరల వలసలు: మేరీలాండ్, న్యూజెర్సీ, పెన్సిల్వేనియా

కంపెనీలు నష్టపోవడం చూశాక రాజులు ఒక్క మనిషికో, కొద్దిమంది ఆశ్రితులకో దేశమంత నేల రాసివ్వడం మొదలుపెట్టారు. మన జమీందారీ తెలిసినవాళ్ళకు దీన్ని అర్థం చేసుకోవడం కష్టం కాదు. 1632లో సెసిల్ కల్వర్ట్‌కు మేరీలాండ్ ఇచ్చినప్పుడు ఆయన రాజుకు కట్టాల్సింది ఏటా రెండు అమెరికా ఆదివాసుల బాణాలు, దొరికిన బంగారం వెండిలో అయిదో వంతు. ఆయన మాత్రం తన కింద రైతుల నుంచి ఏటా కట్టుబడి తీసుకున్నాడు. అయిదుగురిని తెచ్చినవాడికి తొలి షరతుల్లో 2,000 ఎకరాల మేనర్ (జమీ లాంటి ఎస్టేటు) ఇచ్చాడు, దాంతోపాటు కింది కౌలుదార్ల మీద కచేరీ పెట్టుకునే అధికారం. కాథలిక్కులకు ఇంగ్లండులో దొరకని నీడ ఇక్కడ దొరికింది. అది చిన్న విషయం కాదు.

ఓడ ఖర్చు లేని కుర్రాడు మేరీలాండ్ గురించి ఆలోచించాలి. చాకిరీ గడువు ముగిశాక 50 ఎకరాల హక్కు అక్కడ 1680ల తొలినాళ్ళ దాకా ఉండేది. అయితే సర్వే ఖర్చు, పట్టా ఫీజు వాడే పెట్టుకోవాలి. చేతిలో పైసా లేక చాలామంది ఆ హక్కును అమ్ముకున్నారు. భూమి హక్కుకూ భూమికీ మధ్య దూరం ఎంతో అక్కడ తెలుస్తుంది.

న్యూజెర్సీ గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే కొనేముందు లింకు డాక్యుమెంట్లు చూడమని మనం ఎందుకంటామో ఇంత బాగా చూపే ఉదాహరణ ఇంకోటి లేదు. 1664లో ఇంగ్లీషువాళ్ళు డచ్చివారి నుంచి ఈ ప్రాంతాన్ని పట్టుకున్నారు. రాజు తమ్ముడు, యార్క్ డ్యూక్, దాని మీద హక్కుదారు. ఆయన తరఫున వచ్చిన గవర్నర్ రిచర్డ్ నికోల్స్ ఎలిజబెత్‌టౌన్ ప్రాంతాన్ని అక్కడి ఆదివాసులైన లెనాపేల దగ్గర కొనుక్కున్నవాళ్ళకు పట్టా ఖాయం చేశాడు. అదే ఏడాది జూన్‌లోనే డ్యూక్ ఇంగ్లండులో కూర్చుని మొత్తం ప్రాంతాన్ని తన మిత్రులు బర్క్‌లీ, కార్టరెట్‌లకు రాసిచ్చేశాడు. ఆ సంగతి నికోల్స్‌కు తెలియదు. ఒకే నేలకు రెండు పట్టాలు, రెండూ ఒకే దొర పేర!

కొత్త దొరలు ఎకరానికి అర పెన్నీ కట్టుబడి 1670 నుంచి కట్టమన్నారు. మేం లెనాపేల దగ్గర కొన్నాం, నికోల్స్ ముద్ర ఉంది, మీకెందుకు కడతాం అన్నారు రైతులు. 1672లో తిరుగుబాటు. తర్వాత తూర్పు భాగాన్ని 1682లో వేలంలో పన్నెండుమంది కొన్నారు, వాళ్ళు మళ్ళీ వాటాలు చీల్చి అమ్మారు. 1702లో యజమానులు పరిపాలన రాణికి అప్పగించారు గానీ నేల మీద హక్కు ఉంచుకున్నారు. 1745లో కేసు కోర్టుకెక్కింది. అదే ఏడాది నుంచి జనం జైళ్ళు పగలగొట్టి తమవాళ్ళను విడిపించుకుపోయారు. తూర్పు జెర్సీ యజమానుల మండలి 1998 దాకా బతికే ఉంది. ఈనాడు వేలమంది తెలుగువాళ్ళు ఉంటున్న ఎడిసన్, పిస్కాటవే, వుడ్‌బ్రిడ్జ్ ఈ తూర్పు జెర్సీలోనివే.

1660లలో న్యూజెర్సీకి వెళ్ళేవాడికి నా సలహా: 150 ఎకరాలిస్తామన్నా సరే, పై పట్టా తేలేదాకా ఇల్లు కట్టొద్దు.

పెన్సిల్వేనియా దొరల వలసల్లో శుభ్రమైనది. 1681లో రెండో చార్లెస్ రాజు, విలియం పెన్ తండ్రికి బాకీ ఉన్న 16,000 పౌండ్ల లెక్క తీర్చుకుంటూ ఆ చార్టర్ ఇచ్చాడు. పెన్ భూమిని ధర కట్టి అమ్మాడు. 5,000 ఎకరాలకు 100 పౌండ్లు, పైగా 100 ఎకరాలకు ఏటా ఒక షిల్లింగు. కొనలేనివాళ్ళకు 200 ఎకరాల దాకా ఎకరానికి ఒక పెన్నీ అద్దె. కూలీని తెచ్చిన యజమానికి 50 ఎకరాలు, గడువు తీరిన కూలీకి కూడా 50 ఎకరాలు. వర్జీనియాలో లేనిది ఆ రెండో భాగమే. మత నిర్బంధం కూడా తక్కువ. చిన్న వృత్తి పనివాడికి, చేతిలో కాస్త డబ్బున్న రైతుకు 1680లలో నేను చూపించే దారి ఇదే.

అయితే ఎవరు ఎటు వెళ్ళాలి?

డబ్బుండి లండన్‌లోనే ఉండేవాడు అమెరికా కంపెనీ వాటాలు కొనకుండా ఉంటే మంచిది. వర్జీనియా కంపెనీ కోశాధికారి సర్ థామస్ స్మిత్ ఈస్టిండియా కంపెనీకి కూడా మొదటి గవర్నర్. రెండు కాగితాలూ ఆ ఒక్కడి బల్ల మీదే ఉన్నాయి. ఆయన గవర్నరుగా ఉండగానే 1611లో గ్లోబ్ అనే ఓడ మచిలీపట్నం చేరింది. అక్కడ కంపెనీకి భూమి పంచే ఆలోచనే లేదు. గోల్కొండ సుల్తాను రేవులో అనుమతి తీసుకుని కలంకారీ బట్టలు కొనడమే పని. ఆ తొలి యాత్రలు మంచి లాభాలిచ్చాయి, వర్జీనియా ఇవ్వలేదు. మన తీరంలో భూమి కావాల్సి వచ్చినప్పుడు కూడా వాళ్ళు అడిగి తీసుకోవాల్సి వచ్చింది. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడి నుంచి పట్టా పుచ్చుకున్నాకే చెన్నపట్నంలో కోట మొదలైంది. బలమైన రాజ్యమున్న చోట కంపెనీ చేతులు జోడించింది, లేదనుకున్న చోట గొలుసులు పట్టి నేల కొలిచింది. 1668లో బొంబాయిని కంపెనీకి ఇచ్చిన చార్టర్ చూడండి. ఏటా 10 పౌండ్ల సొమ్ము బంగారు నాణేల్లో అద్దె, ఇంగ్లండులోని కెంట్ జిల్లా ఈస్ట్ గ్రీనిచ్ మేనర్ కింద ఉన్న భూమి లెక్కన అని రాశారు. వర్జీనియా, మసాచుసెట్స్ చార్టర్లలోనూ అదే ఈస్ట్ గ్రీనిచ్ షరతు ఉంది.

పిల్లలతో వెళ్ళే కుటుంబం, ప్యూరిటన్లైతే మసాచుసెట్స్, కాకపోతే 1681 తర్వాత పెన్సిల్వేనియా. కాథలిక్కు మేరీలాండ్‌కు. నలుగురు కూలీల ఖర్చు పెట్టగలిగినవాడు వర్జీనియాకు వెళ్తాడు, వద్దన్నా వెళ్తాడు. ఓడ ఖర్చు లేనివాడు సంతకం పెట్టేముందు గడువు తీరాక భూమి అన్న మాట కాగితంలో ఉందో లేదో ఎవరిచేతనైనా చదివించుకోవాలి. లేకపోతే ఆ ఓడ వదిలి ఇంకో ఓడ కోసం ఆగడం మేలు.

ఈ పోలికలో ఇంతవరకు అడగని ప్రశ్న ఒకటుంది: ఇచ్చేవాడికి ఆ నేల మీద హక్కెక్కడిది? పౌహటాన్‌లు, వాంపనోగ్‌లు, లెనాపేలు ఈ చార్టర్లలో ఒక్కదాని మీదా సంతకం పెట్టలేదు. ఆ రోజుల్లోనే రోజర్ విలియమ్స్ అనే మతబోధకుడు ఈ మాట పైకి అన్నాడు. రాజు తనది కాని నేలను ఇవ్వలేడని మసాచుసెట్స్‌లో వాదించి, దానితోపాటు మతం గురించి చెప్పిన మాటలకు 1635లో బహిష్కరణ శిక్ష పొందాడు. 1636లో నారగాన్‌సెట్ ఆదివాసుల నాయకులు కనానికస్, మియాంటనోమిల దగ్గర నేల తీసుకుని ప్రావిడెన్స్ అనే ఊరు (పైన చెప్పిన ద్వీపం కాదు) పెట్టాడు, ఆ తర్వాతే ఇంగ్లండు కాగితం కోసం వెళ్ళాడు. క్రమం తిరగేసిన ఆ ఒక్క పద్ధతే నాకు ఒప్పుకోదగ్గదిగా కనిపిస్తుంది. పెన్ కూడా లెనాపేలకు డబ్బిచ్చి కొన్నాడు గానీ, ఆయన కొడుకులు 1737లో ఒక పాత ఒప్పందం చూపించి, ఒకటిన్నర రోజులో మనిషి నడిచినంత నేల మాది అన్నారు. దారి ముందే చదును చేయించి, వేగంగా నడిచేవాళ్ళను పెట్టి 60 మైళ్ళకు పైగా కొలిపించారు.

ఈ కాగితాలను స్వయంగా చూడాలనుకునే విద్యార్థులు వర్జీనియాతో మొదలుపెట్టండి. రిచ్‌మండ్‌లోని రాష్ట్ర గ్రంథాలయంలో పాత పట్టాలు ఉన్నాయి, ఇంటి నుంచే ఇంటర్నెట్‌లో చూడొచ్చు. ఎవరి తల మీద ఎవరికి భూమి వచ్చిందో పేర్లతో సహా కనిపిస్తుంది. లౌడన్, ఫెయిర్‌ఫాక్స్ కౌంటీల్లో ఉండేవాళ్ళు అదే చోట నార్తర్న్ నెక్ దస్తావేజులు కూడా వెతకాలి. ఆ ప్రాంతం 1649లో ప్రవాసంలో ఉన్న రెండో చార్లెస్ తన అనుచరులకు రాసిచ్చి, తర్వాత ఫెయిర్‌ఫాక్స్ ప్రభువుల చేతికి వచ్చిన భూమి. న్యూజెర్సీవాళ్ళకు ట్రెంటన్‌లోని రాష్ట్ర ఆర్కైవ్స్ దగ్గర. తూర్పు జెర్సీ యజమానుల రికార్డులు 1998 తర్వాత అక్కడికే చేరాయి.